వైజాగ్‌లో పలికిన ఫోన్ పర్లాకిమిడిలో ఎందుకు పలకదు?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. వయసు యాభై దాటింది. బజారులో జాకెట్టు ముక్కలు, లైనింగు గుడ్డ, చీర ఫాల్స్ అమ్మే చిన్న షాపు నడుపుతారు. సరుకు బరంపురం నుంచి తెచ్చుకుంటారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు తను వాడిన ఆండ్రాయిడ్ ఫోన్ తల్లికిచ్చి, గూగుల్ పేలో ఆవిడ డెబిట్ కార్డు ఎక్కించి, ‘ఇక కార్డు తీయక్కర్లేదమ్మా, ఫోన్ మిషన్‌కి ఆనిస్తే చాలు’ అన్నాడు. విశాఖలో ఒక పెద్ద షాపులో పక్కనుండి కట్టించాడు కూడా. బీప్‌మంది, పనైపోయింది.

కొడుకు వెళ్లిపోయాక మొదలయ్యాయి తిప్పలు. ఇంటి దగ్గర మందుల షాపులో ఫోన్ ఎంతసేపు ఆనించినా మిషన్ చప్పుడు చేయలేదు. రెండోసారి వెళ్తే ఫోన్ మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి, చదివేలోపు పోయింది. బరంపురం హోల్‌సేల్ షాపులో 6,300 రూపాయల బిల్లుకు మిషన్ పిన్ అడిగింది. ‘రోజూ స్కాన్ చేసినప్పుడు కొట్టే నంబరే కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పంది. మూడోసారికి అసలు వద్దంది. వెనక జనం. సరుకు సగం వదిలేసి, చేతిలో ఉన్న డబ్బుకి సరిపడా తెచ్చుకున్నాను’ అని రాశారు. ఆ తర్వాత సొంత ఊళ్లోనే సూపర్‌బజారులో 1,840 రూపాయల బిల్లు. ఫోన్‌లో టిక్ పడింది, డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది, మిషన్ మాత్రం ఫెయిల్ అంది. కౌంటర్‌లో కుర్రాడు మాకు రాలేదంటే రాలేదన్నాడు. క్యూఆర్ స్కాన్ చేసి మళ్లీ కట్టారు. ఆవిడ ఉత్తరం రాసే రోజుకి 12 రోజులైంది, మొదటి డబ్బు వెనక్కి రాలేదు.

‘బస్సులో ఎవడైనా మిషన్ తగిలిస్తే ఖాతా ఊడ్చుకుపోతుంది, ముందది తీయించెయ్ అంటున్నారు మావారు. మావాడికి ఫోన్ చేస్తే అన్నీ పెట్టే ఇచ్చాను కదా అని విసుక్కుంటున్నాడు. నాకు చేతకాదనుకోవాలా, ఇదింకా మా ఊరికి రాలేదనుకోవాలా? పైగా నా షాపుకొచ్చే ఆడపిల్లలు ట్యాప్ ఉందా ఆంటీ అని అడుగుతున్నారు. మిషన్ తీసుకోమంటారా?’ అన్నది ఆవిడ ప్రశ్న.

జవాబు

మీరు ఉత్తరంలో దారిన పోతూ రాసినట్టు రాసిన రెండు మాటలే నాకు ఎక్కువ పనికొచ్చాయి. ‘ఫోన్ చేతిలోంచి జారిపోతోందని ఊరికొచ్చాక వెనక స్టీలు ఉంగరం అతికించుకున్నాను’ అన్నారు. ‘నెట్ అవసరమైతేనే వేస్తాను’ అన్నారు. మందుల షాపులో జరిగిందానికి జవాబు దాదాపుగా అందులోనే ఉంది.

మూడు చోట్లా ఫోన్ పనిచేయలేదని మీరు ఒకే లెక్కలో వేశారు. అవి మూడూ వేరు. ఇకమీదట ఎక్కడ ఆగినా ముందు మిషన్ వైపు చెవి పెట్టండి. మిషన్ అసలు పలక్కపోతే గొడవ మీ ఫోన్‌కీ మిషన్‌కీ మధ్య. బీప్‌మని ఆ తర్వాత కాదంటే కార్డుకీ బ్యాంకుకీ మధ్య. బ్యాంకు డబ్బు కోసి, మిషన్ మాత్రం రాలేదంటే షాపువాళ్ల మిషన్ వైపు. ఫోన్‌లో పడే టిక్‌ని మాత్రం నమ్ముకోకండి. మిషన్ నా దగ్గర వివరాలు చదువుకుంది అని ఫోన్ చెప్పడమే అది. డబ్బు చేరినట్టు కాదు. చేరిందని చెప్పాల్సింది మిషన్ తెర, అందులోంచి వచ్చే రసీదు.

మందుల షాపు సంగతి ముందు చూద్దాం. ఈ ట్యాప్ అనేది ఎన్‌ఎఫ్‌సీ అనే దగ్గరి రేడియోతో నడుస్తుంది. ఫోన్ వెనక అట్ట కింద పల్చటి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. మిషన్‌లో మరొకటి. రెండూ నాలుగు సెంటీమీటర్లలోపు, ఎదురెదురుగా వస్తేనే మాట కలుస్తుంది. మధ్యలో ఇనుమో స్టీలో ఉంటే మిషన్ పంపే అయస్కాంత క్షేత్రం ఆ లోహంలోనే తిరిగి అక్కడే చచ్చిపోతుంది, చుట్ట దాకా రాదు. విశాఖలో ఉంగరం లేదు, పలికింది. పర్లాకిమిడిలో ఉంది, పలకలేదు. ఊరి తప్పేం లేదు.

నిర్ధారణ చేసుకోవాలంటే ఏ షాపుకీ వెళ్లక్కర్లేదు. కవరు తీసి, తెర తాళం తీసి, ఏ యాప్ తెరవకుండా, మీ డెబిట్ కార్డును ఫోన్ వెనక ఆనించి పైనుంచి కిందికి మెల్లగా జరపండి. కార్డు మీద నాలుగు వంపు గీతల గుర్తుంటే చాలా ఫోన్లు ఒక చోట టక్‌మని చప్పుడు చేస్తాయి, లేదా చిన్నగా అదురుతాయి. చుట్ట ఉన్నది అక్కడే. ఎక్కువ ఫోన్లలో కెమెరా దగ్గర, కొన్నిట్లో నడిమధ్యన ఉంటుంది. ఆ చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. ఇప్పుడు ఉంగరం ఉన్న కవరు తొడిగి మళ్లీ జరపండి. పలక్కపోతే దొంగ దొరికినట్టే. ఉంగరాన్ని కింది అంచుకి మార్చండి, లేదా గుడ్డ పట్టీ వేసుకోండి. గుడ్డ మీ షాపులోనే ఉంది కదా. కవరు లోపల కార్డు పెట్టుకునే జేబుంటే దాన్నీ ఖాళీ చేయండి. మిషన్‌కి ఒకేసారి రెండు కార్డులు కనబడితే ఏదీ తీసుకోదు.

కార్డు పెట్టి చూసినా ఎక్కడా చప్పుడు లేకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. పైన వెతికే గడిలో ఎన్‌ఎఫ్‌సీ అని కొడితే నేరుగా వస్తుంది. మీట ఆన్‌లో ఉందా? ఆ కిందే కాంటాక్ట్‌లెస్ పేమెంట్స్ అనే చోట డిఫాల్ట్ యాప్ ఏదని ఉందో చూడండి. మీ అబ్బాయి వాడిన ఫోన్ కాబట్టి, తను ఇంతకుముందు వాడుకున్న వాలెట్ ఇంకా అక్కడ కూర్చుని ఉండొచ్చు. దాన్ని గూగుల్ పేకి మార్చండి. షావోమీ రకం ఫోనైతే అదే పేజీలో సెక్యూర్ ఎలిమెంట్ పొజిషన్ అనే గడి ఒకటుంటుంది. దాన్ని హెచ్‌సీఈ వాలెట్ మీద పెట్టాలి. తెర తాళం తెరవడం చిరాకని తీసేశారా? తీసేస్తే ఎక్కించిన కార్డు ట్యాప్ నుంచి దానంతటదే తొలగిపోతుంది, మళ్లీ ఓటీపీతో ఎక్కించుకోవాలి. ఇలాంటి ఉత్తరాలు రాసేవాళ్లలో కొందరి ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ అన్న మాటే కనబడదు. తక్కువ ధర మోడళ్లలో ఆ భాగమే పెట్టరు, ఏ యాప్ వేసుకున్నా రాదు. ఐఫోన్‌వాళ్లు మరో తీరు: వాటిలో ఎన్‌ఎఫ్‌సీ ఉన్నా ఆపిల్ పే మన దేశంలో మొదలుకాలేదు కాబట్టి కౌంటర్లో ఐఫోన్ ఆనించి లాభం లేదు.

రెండోసారి ఇంగ్లీషులో వచ్చి పోయిన మాట దాదాపుగా నెట్ గురించే అయి ఉంటుంది. ట్యాప్ చేసే క్షణంలో మీ ఫోన్‌కి నెట్ అక్కర్లేదు, ఆ మాట నిజమే. కానీ ఫోన్‌లో మీ కార్డు అసలు నంబరు ఉండదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరు ఒకటి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు ఈ ఏర్పాటుకి 2019 జనవరిలో అనుమతిచ్చింది. ప్రతి ట్యాప్‌కీ ఆ టోకెన్‌తో పాటు ఒక తాత్కాలిక తాళంచెవి కావాలి. యాప్ నెట్ ఉన్నప్పుడు వాటిని కొన్నే తెచ్చి పెట్టుకుంటుంది. అవి వాడేశాక, లేదా గడువు తీరాక, కొత్తవి తెచ్చుకోవడానికి నెట్ దొరక్కపోతే కాదంటుంది. రోజుల తరబడి నెట్ ఆపేసిన ఫోన్ కౌంటర్ దగ్గర మొరాయించడానికి కారణం ఇదే. బజారుకి బయల్దేరే ముందు నెట్ వేసి, గూగుల్ పే ఒకసారి తెరిచి, కార్డు కనబడేదాకా చూసి మూసేస్తే సరిపోతుంది.

మీ సరిహద్దుకి మాత్రమే ఉన్న చిక్కు ఇంకొకటి. మీ సిమ్ పాతపట్నంలో తీసుకున్నదని రాశారు. ఆంధ్రా సర్కిల్ సిమ్ ఒడిశా టవర్ పట్టుకున్నప్పుడు కొన్ని ఫోన్లు సిగ్నల్ గీతల పక్కన ఆర్ అక్షరం చూపిస్తాయి. సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆపి ఉంటే, గీతలు నిండా ఉన్నా నెట్ రాదు. మీ వీధిలోనే ఒక మూల వస్తుంది, ఇంకో మూల రాదు, ఎందుకంటే ఫోన్ అటు టవర్‌కీ ఇటు టవర్‌కీ గంతులేస్తుంటుంది. మామూలు నెలవారీ ప్యాకుల్లో దేశం లోపలి రోమింగ్‌కి వేరే చార్జీ పడదు. ప్యాక్ వివరాల్లో ఆ మాట ఒకసారి చూసుకుని డేటా రోమింగ్ ఆన్ చేయండి. ఆ నంబరే బ్యాంకులో ఇచ్చారు కాబట్టి దాన్ని రీచార్జి లేకుండా వదిలేయకండి. ఓటీపీ రావాలన్నా, యూపీఐ కొత్తగా పెట్టుకునేటప్పుడు ఫోన్ నుంచి మెసేజ్ పోవాలన్నా ఆ సిమ్ బతికుండాలి. వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తుంది కూడా.

మందుల షాపులో ఆనించే తీరు కూడా ఒక్క మాట చెప్పాలి. షాపతను బిల్లు మొత్తం కొట్టి, మిషన్ తెర మీద ట్యాప్ చేయమనే గుర్తు వచ్చాకే ఫోన్ పెట్టాలి. అంతకుముందు ఎంతసేపు పెట్టినా అది చదవదు. చదివే చోటు కొన్ని మిషన్లకి తెర మీదే, కొన్నిటికి రసీదు కాగితం వచ్చే మూత మీద ఉంటుంది. వంపు గీతల గుర్తు ఎక్కడుంటే అక్కడ. మీరు చుక్క పెట్టిన భాగం ఆ గుర్తు మీదకి రావాలి. రెండు మూడు సెకన్లు కదల్చకుండా ఉంచి, బీప్ అయ్యాకే తీయండి. అలా తగిలించి లాగేస్తే సగం చదివి వదిలేస్తుంది. మిషన్ మీద ఆ గుర్తే లేకపోతే అది పాతది, గీకడానికీ దూర్చడానికీ తప్ప దేనికీ పనికిరాదు.

ఇక బరంపురం. అక్కడ మీ ఫోన్‌దీ తప్పు లేదు, వాళ్ల మిషన్‌దీ తప్పు లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు చెల్లింపుల్లో 5,000 రూపాయల దాకా పిన్ లేకుండా పోతుంది. 2021 జనవరి 1కి ముందు ఈ హద్దు 2,000 ఉండేది. మీ బిల్లు 6,300 కాబట్టి మిషన్ పిన్ అడిగింది. అది అడిగింది ఏటీఎంలో కొట్టే కార్డు పిన్‌ని. మీరు కొట్టింది క్యూఆర్‌కి కొట్టే యూపీఐ పిన్‌ని. రెండూ ఒకే బ్యాంకువి, ఒకే ఖాతావి, ఒకే యాప్‌లో ఉన్నాయి. అయినా వేర్వేరు. గుర్తుపట్టడానికి ఒక దారి: యూపీఐ పిన్ మీ ఫోన్‌లోనే కొడతారు. షాపువాళ్ల మిషన్ మీద కొట్టాల్సి వస్తే అది ఎప్పుడూ కార్డు పిన్నే, నాలుగంకెలు. మిషన్ మీద యూపీఐ పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఆ మనిషికి తెలియకైనా అయి ఉండాలి, మోసానికైనా అయి ఉండాలి.

మూడుసార్లు తప్పు కొడితే బ్యాంకు ఆ రోజుకి కార్డు పిన్‌ని ఆపేస్తుంది. ఎక్కువ బ్యాంకుల్లో మర్నాటికి దానంతటదే తెరుచుకుంటుంది. కార్డు పిన్ మీకు గుర్తులేకపోతే మీ బ్యాంకు యాప్‌లోనో, ఏటీఎంలో గ్రీన్ పిన్ ద్వారానో ఓటీపీతో కొత్తది పెట్టుకోండి. యూపీఐ పిన్‌కీ దీనికీ ఒకే అంకెలు పెట్టేస్తే మర్చిపోనని అనిపిస్తుంది. పెట్టకండి. కౌంటర్లో పదిమంది ముందు కొట్టే అంకెలతో మీ ఖాతా మొత్తం తెరుచుకోకూడదు. హోల్‌సేల్ సరుకుకి అసలు ట్యాప్ వాడక్కర్లేదు కూడా. 5,000 దాటిన చోట ఎలాగూ పిన్ కొట్టాలి కాబట్టి క్యూఆర్ స్కాన్ చేసినా శ్రమ ఒక్కటే, షాపతనికి ఖర్చు తక్కువ. ట్యాప్ హాయి అనిపించేది చిన్న బిల్లులకే.

ఇప్పుడు 1,840 రూపాయలు. ఇందులో మీకు నిజంగా డబ్బు ఇరుక్కుంది, కాబట్టి నెమ్మదిగా చదవండి. మీ బ్యాంకు సరేనని డబ్బు కోసింది. ఆ సరే అనే జవాబు షాపు మిషన్‌కి తిరిగొచ్చే దారిలో మిషన్ సిమ్‌కి నెట్‌వర్క్ పోయింది. మిషన్ కాసేపు చూసి ఫెయిల్ అని చేతులెత్తేసింది. ఇక్కడినుంచి రెండు దారులున్నాయి. ఒకటి, లావాదేవీ షాపు వైపు నమోదే కాలేదు. అప్పుడు డబ్బు మీ ఖాతాకి తిరిగి రావాలి. రెండు, రసీదు రాకపోయినా బ్యాంకుల మధ్య లెక్క కుదిరి డబ్బు మర్నాడు షాపు ఖాతాలో పడింది. అప్పుడు సూపర్‌బజారువాళ్లు మీకు తిరిగివ్వాలి. కౌంటర్ కుర్రాడు ఆ నిమిషంలో రాలేదన్నది అబద్ధం కాకపోవచ్చు. మర్నాడు వచ్చిందో లేదో అతనికి తెలియదు. యజమానిని అడగండి, ఆ తారీకు సెటిల్‌మెంట్ రిపోర్టులో 1,840 ఉందేమో చూడమనండి. మిషన్‌లో పాత రసీదుకి డూప్లికేట్ తీసే వీలుంటుంది. ఫెయిల్ అయిన చీటీ అయినా సరే తీసుకోండి. దాని మీద టీఐడీ అనే మిషన్ నంబరుంటుంది, ఆర్‌ఆర్‌ఎన్ అనే 12 అంకెల నంబరు కూడా ఉండొచ్చు.

ఆ చీటీ మీద కార్డు చివరి నాలుగంకెలు చూసి కంగారు పడకండి. మీ కార్డు మీద ఉన్న నాలుగంకెలు కావవి. ఫోన్‌తో కట్టినప్పుడు చీటీ మీద టోకెన్ అంకెలు పడతాయి. బ్రాంచిలో గుమాస్తా ఇది మీ కార్డే కాదమ్మా అని తిప్పి పంపే ప్రమాదం ఇక్కడే ఉంది. గూగుల్ పేలో ఆ కార్డు మీద నొక్కితే వర్చువల్ నంబరు, అంటే ఆ టోకెన్, చివరి అంకెలు కనబడతాయి. ఆ తెర ఫోటో తీసి చీటీతో కలిపి ఇవ్వండి. ఎప్పుడైనా ఫోన్‌తో కొన్న సరుకు వాపసు ఇస్తే, డబ్బు వెనక్కి వేయడానికి షాపతను కార్డు అడుగుతాడు. అప్పుడూ అదే ఫోన్ ఆనించాలి, ప్లాస్టిక్ కార్డు కాదు.

బ్యాంకుకి మీరు అడగాల్సింది దయ కాదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఉత్తర్వు ఉంది. షాపు మిషన్ దగ్గర ఖాతాలో డబ్బు కట్ అయి, మిషన్‌కి నిర్ధారణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లో ఎవరూ అడక్కుండానే తిరిగి వేయాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం కలపాలి. మీరు ఉత్తరం రాసేనాటికి 12 రోజులు. డబ్బు షాపు ఖాతాలో పడలేదని తేలితే 1,840కి తోడు అప్పటికే 700 రూపాయలు మీకు రావాలి. షాపు ఖాతాలో పడి ఉంటే ఈ పరిహారం లెక్క రాదు, అసలు మాత్రం యజమాని ఇవ్వాలి. ఇవ్వనంటే, మీరు అదే బిల్లుకి క్యూఆర్‌లో కట్టిన రుజువు చూపించి బ్యాంకులో డబుల్ పేమెంట్ అని వివాదం నమోదు చేయించండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా బ్రాంచిలోంచి కదలొద్దు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. కస్టమర్ కేర్ నంబరును మాత్రం నెట్‌లో వెతకొద్దు. కార్డు వెనక అచ్చువేసిన నంబరుకే చేయండి. వెతికితే దొరికే నంబర్లలో దొంగలు కాచుకుని ఉంటారు.

మీవారి భయం దగ్గరికి వస్తాను. ఆయన పూర్తిగా తప్పనను. కానీ ఆయన భయపడాల్సింది ఫోన్‌ని చూసి కాదు, మీ పర్సులో ఉన్న ప్లాస్టిక్ కార్డుని చూసి. ఫోన్ తెర ఆరిపోయి ఉంటే ట్యాప్ పోదు. తాళం తీస్తేనే పోయేలా ఎన్‌ఎఫ్‌సీ పేజీలో పెట్టుకోవచ్చు కూడా. కార్డుకి ఆ తాళం లేదు. దగ్గరికొచ్చిన మిషన్‌కి 5,000 లోపు పిన్ లేకుండా పలుకుతుంది. అయినా బస్సులో మిషన్ తగిలించి దోచుకోవడం ఆయన అనుకున్నంత తేలిక కాదు. మిషన్ నాలుగు సెంటీమీటర్లలోకి రావాలి, అది ఎవరో ఒకరి పేరు మీద గుర్తింపు పత్రాలిచ్చి తీసుకున్నదై ఉండాలి, డబ్బు అతని బ్యాంకు ఖాతాకే చేరుతుంది. ఆయనకి నిద్రపట్టాలంటే బ్యాంకు యాప్‌లో కార్డు కాంటాక్ట్‌లెస్ హద్దుని రోజుకి 2,000కి తగ్గించండి. మొత్తంగా ఆపేయొచ్చు కూడా, అయితే అదే మీటతో ఫోన్ ట్యాప్ కూడా ఆగిపోవచ్చు. ఆ సంగతి చూసుకుని నొక్కండి. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు దీనికి తిరగబడిన సమస్య వస్తుంది. 2020లో వచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుకి కాంటాక్ట్‌లెస్ ఆపే ఇస్తారు. మీరు వెళ్లి తెరవాలి.

నిజంగా జరుగుతున్న మోసం వేరు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి, ఒక యాప్ లింకు పంపి, వేసుకున్నాక ‘వెరిఫికేషన్ కోసం మీ కార్డుని ఫోన్ వెనక ఆనించి పిన్ కొట్టండి’ అంటారు. ఆ యాప్ మీ కార్డు చెప్పే మాటల్ని ఎక్కడో ఉన్న దొంగ ఫోన్‌కి చేరవేస్తుంది, వాడు అక్కడ మిషన్ దగ్గరో ఏటీఎం దగ్గరో నిలబడి ఉంటాడు. ఇందాక నేను చెప్పిన పరీక్ష ఏ యాప్ తెరవకుండా చేయమన్నది అందుకే. డబ్బు పోయిందనిపిస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పి, బ్యాంకులో కార్డు ఆపించండి. మూడు పనిదినాల్లోపు చెబితే, మీ నిర్లక్ష్యం లేని చోట నష్టం మీ మీద పడదన్నది 2017 నుంచి ఉన్న నియమం. పిన్ మీరే చెప్పేస్తే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిన డబ్బు నష్టం మీరే భరించాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ట్యాప్ ఉంచుకుని, 5,000 లోపు బిల్లులకి మాత్రమే వాడటం ఒకటి. ఉంగరం, నెట్ సంగతి సరిచేస్తే ఇది బాగానే నడుస్తుంది, కానీ మీ ఊళ్లో కొన్ని షాపుల మిషన్ల నెట్‌వర్క్ మీ చేతిలో లేదు, సూపర్‌బజారులో జరిగింది మళ్లీ జరగొచ్చు. చిన్న బిల్లులకి యూపీఐ లైట్, అంటే యూపీఐ యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసుకునే చిన్న పర్సు, పెట్టుకోవడం రెండోది. ఒక్కో చెల్లింపు 1,000 దాకా, లోపల 5,000 దాకా వేసి ఉంచుకోవచ్చు, పిన్ అక్కర్లేదు, బ్యాంకు సర్వర్ మొరాయించినా సాధారణంగా పోతుంది. మందుల షాపుకీ కూరగాయలకీ ఇదే మేలని నా అభిప్రాయం. చిక్కల్లా ఒకటే: ఫోన్ తాళం తీసిన ఎవరైనా అందులో ఉన్నంతా వాడేయగలరు. మూడోది మీవారన్నట్టు ట్యాప్ తీసేయడం. గూగుల్ పేలో కార్డు తొలగిస్తే టోకెన్ పోతుంది, ఖాతాకీ యూపీఐకీ ఏమీ కాదు. అప్పుడు కార్డు మోసుకు తిరగాలి, అంటే పైన చెప్పినట్టు రెండిట్లో తాళం లేని దాన్నే బయటికి తీసుకెళ్తున్నారన్నమాట.

మీ షాపులో మిషన్ గురించి. జాకెట్టు ముక్కలు కొనే ఆడపిల్లల బిల్లు 300, 400 దాటదు. వాళ్లందరి దగ్గరా స్కాన్ చేసే యాప్ ఉంది. ట్యాప్ లేదని వెళ్లిపోయిన వాళ్లున్నారా, ఊరికే అడిగి స్కాన్ చేసి కట్టారా అన్నది మీకే తెలుసు. యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర కమీషన్ తీయకూడదు. వీసా, మాస్టర్‌కార్డు డెబిట్‌కైతే ఏడాది అమ్మకం 20 లక్షల లోపున్న వ్యాపారికి 0.40 శాతం మించకూడదు, అదీ ఒక లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. అంటే 2,000 రూపాయల చీరకి 8 రూపాయలు. క్రెడిట్ కార్డుకి ఈ కట్టడి లేదు, ఎక్కువే పోతుంది. అసలు బరువు కమీషన్ కాదు, మిషన్ నెల అద్దె. సంతకం పెట్టేముందు అద్దె ఎంత, అమ్మకం లేని నెలలోనూ తీస్తారా, మధ్యలో మానేస్తే ఏమిటి అని కాగితం మీద చూపించమనండి. అద్దె లేకుండా మీ ఎన్‌ఎఫ్‌సీ ఫోన్‌నే మిషన్‌లా వాడుకునే యాప్‌లు కూడా బ్యాంకులు ఇస్తున్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో పెద్ద బిల్లులు వస్తే అది చాలు. అప్పటిదాకా క్యూఆర్, సౌండ్ బాక్సుతో నడిపినా మీకు పోయేదేమీ కనబడటం లేదు. మిషన్ పెట్టుకుంటే మాత్రం దాని సిమ్ ఒడిశా సర్కిల్‌దే అడగండి.

మీ అబ్బాయి విసుగు గురించి కూడా రాశారు. తను అన్నీ పెట్టిచ్చిన మాట నిజం. అయితే తను పెట్టిన ఫోన్‌కి ఉంగరం లేదు, నెట్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేది. ఈసారి ఫోన్ చేసినప్పుడు పనిచేయట్లేదురా అనకుండా, మిషన్ బీప్‌మందా లేదా, ఫోన్ తెర మీద ఏం పడింది అన్నది చెప్పండి. ఆ తెర ఫోటో పంపితే మరీ మంచిది. అబ్బాయికి కూడా అందులోంచి ఏదో దారి దొరుకుతుంది, విసుగూ తగ్గుతుంది.

మిగతావన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు. సూపర్‌బజారు చీటీ మాత్రం రేపే తెచ్చుకోండి. మిషన్లలో పాత రసీదులు ఎక్కువ రోజులు నిలవవు.